మాట వినిపించని పాట

పాటకు మాట ప్రాణమా, రాగం ప్రాణమా అన్న తగాదా తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎప్పుడూ వున్నదే. మా ఇంట్లో అయితే అది నా చిన్ననాటి నుంచీ నడుస్తున్న వ్యాజ్యం. మా అమ్మ నలభై ఏళ్ళపాటు వీధిలో పిల్లలకు సరళీస్వరాలు మొదలు కీర్తనల దాకా చెప్పిన మనిషి. నేను ఎం.ఏ. తెలుగు చదివి, కాలేజీలో పద్యాలు చెప్పుకుని బతుకుతున్నదాన్ని. ఎవరైనా కీర్తన పాడుతూ ఒక మాటను నడుమకు విరిచి, సగం ఈ ఆవర్తంలోనూ సగం పై ఆవర్తంలోనూ పడేస్తే నాకు పంటి కింద రాయి పడ్డట్టుంటుంది. మాటలన్నీ ముత్యాల్లా పలికి శ్రుతి వీసమెత్తు జారితే అమ్మకు ఆ పూట అన్నం సహించదు. "మాట లేకపోయినా రాగం ఆలాపన అవుతుంది. రాగం లేని మాట అంగట్లో బేరం అవుతుందే" అని ఆవిడ వాదం. మా వారు రెండు పక్షాలూ సావధానంగా విని, "ఇద్దరూ నెగ్గారు, ఇక వడ్డించండి" అని తీర్పు చెబుతూ వుంటారు.

ఈ వ్యాజ్యంలోకి పోయిన సంక్రాంతి సెలవుల్లో మూడో పక్షం వచ్చి చేరింది. అది ముప్పయ్యేళ్ళు పైబడిన ఒక ఇంగ్లీషు పాటల ఆల్బం. తెచ్చింది విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి. ఆల్బం పేరు 'లవ్‌లెస్'. కట్టినవాళ్ళు 'మై బ్లడీ వాలెంటైన్' అనే బృందం. ఆ పేరు వినే మా వారు సగం బెదిరారు. అమ్మాయి స్పీకరులో మొదటి పాట పెట్టగానే ఆయన వంటింట్లోకి వచ్చి మిక్సీ వంక చూశారు. పక్కవాటావారు గోడ మీంచి తొంగిచూసి, "మీ బోరు మోటారు కాలిపోతున్నట్టుందండీ, ఒకసారి కట్టేసి చూడండి" అని సలహా కూడా ఇచ్చారు. అమ్మాయి ఏమీ నొచ్చుకోలేదు. "మొదట అందరికీ అంతేనమ్మా. నాలుగు సార్లు విన్నాక లోపల పాట కనబడుతుంది" అంది. పాట కనబడటం ఏమిటో చూద్దామని నేనూ కూర్చున్నాను.

ఆ పాటల పుట్టుపూర్వోత్తరాలు ముందు చెబుతాను. ఈ బృందం 1983లో ఐర్లండులోని డబ్లిన్ నగరంలో పుట్టి, తరువాత లండన్‌కు మకాం మార్చింది. ఆల్బం నాటికి వాళ్ళు నలుగురు. కెవిన్ షీల్డ్స్ అన్నిటికీ సూత్రధారి, గిటారు ఆయనదే. బిలిండా బుచర్ ముఖ్య గాయని. డెబ్బీ గూజ్ బేస్ గిటారు, కోలం ఓ కీసోగ్ డ్రమ్ములు. 1988లో వీళ్ళ మొదటి ఆల్బం వచ్చింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో రెండోదానికి కూర్చున్నారు. పాటలు వేసే కంపెనీ క్రియేషన్ రికార్డ్స్ అనే చిన్న సంస్థ. కొద్ది రోజుల పని అనుకున్నారు ఆ సంస్థవారు. అది 1991 సెప్టెంబరు దాకా సాగింది. ఒక స్టూడియోలో ధ్వని నచ్చక ఇంకొకటి, అదీ నచ్చక మరొకటి, ఇట్లా పందొమ్మిది స్టూడియోలు తిరిగారని చెబుతారు. నడుమ డ్రమ్ములాయన జబ్బు పడితే, ఆయన వాయించిన ముక్కలను పదిలపరచి, అతికి, తాళం నిలబెట్టారు. గిటార్లు దాదాపు అన్నీ షీల్డ్స్ ఒక్కడే వాయించాడు.

ఖర్చు రెండున్నర లక్షల పౌన్లయిందని లోకంలో ప్రచారం. అంత కాలేదని షీల్డ్స్ అంటాడు. పెళ్ళి ఖర్చుల సంగతిలో ఆడపెళ్ళివారి లెక్కా మగపెళ్ళివారి లెక్కా కలవటం మనం మాత్రం ఎక్కడ చూశాం? మొత్తానికి 1991 నవంబరు 4న ఆల్బం బయటికి వచ్చింది. పదకొండు పాటలు, నలభై ఎనిమిది నిమిషాల చిల్లర. ఇంగ్లండులో అమ్మకాల పట్టికలో ఇరవై నాలుగో మెట్టు దాకా ఎక్కింది. ఆ తరువాత కంపెనీ వీళ్ళకు నమస్కారం పెట్టి పంపేసింది. వీళ్ళ మూడో ఆల్బం 2013లో గాని రాలేదు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు ఈ సంగతి తెలిస్తే మూడో మాట కూడా కలిపి వుండేవారు.

ఇక ఆ హోరు సంగతి. గిటారు తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చి పెద్దది చేసే యంత్రానికి ఒక హద్దు వుంటుంది. ఆ హద్దు దాటించి సంకేతాన్ని తోస్తే, నాదతరంగాల శిఖరాలు కత్తిరించినట్టు చదునైపోతాయి. అట్లా చదునైన నాదంలో అసలు స్వరంతో పాటు దాని పై స్వరాలు బోలెడు పుట్టుకొస్తాయి. దానినే వాళ్ళు 'డిస్టార్షన్' అంటారు. వినడానికి వికృతి అనిపిస్తుంది గాని, మనకు ఈ యెరుక బొత్తిగా కొత్తది కాదు. తంబురా బ్రిడ్జి మీద, తీగ కింద చిన్న నూలుపోగు పెడతారే, దానిని జీవాళి అంటారు. ఆ పోగు సరిగ్గా కుదిరితే తీగ వంపు తిరిగిన బ్రిడ్జిని రాసుకుంటూ 'జుమ్'మని మోగుతుంది. పోగు తీసేస్తే తంబురా టింగు టింగుమని మొండిగా పలుకుతుంది. అంటే తేటగా పలికే తీగకు ఏరికోరి కాస్త రొద కల్పించి, దానికి 'జీవం' అని పేరుపెట్టుకున్నాం. లండన్‌లో ఆ పిల్లవాడు అదే పనిని బస్తాలకెత్తి చేశాడు. దారి వేరు, యంత్రం వేరు, రుచి వేరు. పై స్వరాల మీది వ్యామోహం మాత్రం ఒకటే.

ఇంకొక చమత్కారం కూడా వుంది. ఆ జాతి గిటారుకు బ్రిడ్జి దగ్గర ఒక ఇనుప పుల్ల అమర్చి వుంటుంది. దాన్ని అదిమితే తీగలన్నీ కాస్త వదులై స్వరం కిందికి జారుతుంది. వదిలితే మళ్ళీ పైకి వస్తుంది. మామూలు వాద్యకారులు పాట చివర ముచ్చటకు ఒకసారి దాన్ని కదిలిస్తారు. షీల్డ్స్ ఆ పుల్లను చేతిలోంచి విడవకుండానే తీగలను మీటుతాడు. అందుచేత ఏ స్వరమూ ఒకచోట నిలబడదు. నీళ్ళలో నీడలా ఊగుతూ వుంటుంది. వీణ మీద తీగను పక్కకు లాగి గమకం పలికించటం మనం ఎరిగినదే. అక్కడ ఒక్క స్వరం ఊగుతుంది. ఇక్కడ అయిదారు తీగలు ఒక్కసారిగా, ఇల్లంతా ఊగినట్టు ఊగుతాయి. ఇట్లాంటి బృందాలకు ఇంగ్లండు పత్రికలవాళ్ళు ఒక వెక్కిరింపు పేరు పెట్టారు. వేదిక మీద వీళ్ళు సభను చూడక, కాలితో నొక్కే మీటల కోసం తల వంచుకుని వుంటారు గనుక 'షూగేజ్' అన్నారు, అంటే బూట్లు చూసుకునేవాళ్ళని. వెక్కిరింపుగా పుట్టిన పేరే ఈ సంగీతశాఖకు అసలు పేరుగా స్థిరపడింది.

ఆ హోరు వెనకాల ఒక ఆడగొంతు వుంది. నా ప్రాణానికి చిక్కు వచ్చింది అక్కడే. మెత్తగా, తేనెలో ముంచినట్టు వుంటుంది. ఒక్క మాట తెలియదు. మూడుసార్లు విన్నాను. ఇంగ్లీషు రాకపోవటం వల్లనేమో అనుకునే వీలు లేకుండా, ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న మా అమ్మాయికీ తెలియదు. ఆల్బం అట్ట లోపల పాటల మాటలు అచ్చువేయలేదట. అట్ట మీద బొమ్మ కూడా అంతే, గులాబిరంగు మసకలో ఒక గిటారు. ఆ గాయని మాటలు వ్రాసే పద్ధతి మరీ విచిత్రం. షీల్డ్స్ రాగం మాత్రం ఏవేవో శబ్దాలతో కూనిరాగంలా పాడి టేపు ఇస్తే, అది విని అందులో తనకు ఏ మాటలు వినిపించినట్టు తోచాయో వాటిని కాగితం మీద పెట్టేదట. పైగా రాత్రల్లా పని సాగటం చేత, తెల్లవారి ఏడున్నరకు, అప్పుడే కన్ను మూతపడ్డ మనిషిని లేపి పాడించేవారని ఆవిడే చెప్పింది.

మన వ్యాకరణంలో అచ్చులకు ప్రాణాలని పేరు, హల్లులకు ప్రాణులని పేరు. అచ్చు తోడు లేనిదే హల్లు పలకదు గనుక ఆ పేర్లు. ఏటేటా మొదటి సంవత్సరం పిల్లలకు ఈ సంగతి చెబుతూనే వుంటాను. ఈ ఆల్బంలో ప్రాణులన్నీ హోరులో మునిగిపోయి, ప్రాణాలు మాత్రం పైన తేలుతున్నాయి. తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా నాకే ఇంత స్పష్టంగా వినబడని సూత్రం ఇది.

ఇక మా అమ్మ సంగతికి వస్తాను. ఆవిడకు ఇప్పుడు డెబ్బయి నాలుగు. రెండేళ్ళుగా వినికిడి తగ్గుతోంది. చెవుడు అనటానికి లేదు. పిలిస్తే పలుకుతుంది, కాలింగుబెల్లు కంటే ముందు గేటు చప్పుడు వింటుంది. మాట మాత్రం మారిపోతుంది. ఒక సాయంత్రం వంటింట్లోంచి "తలుపు వేశావా అమ్మా?" అని అడిగాను. "వేశానే, పప్పులో చిటికెడు" అంది. పసుపు అని విన్నదన్నమాట. అందరం నవ్వాం. ఆవిడా నవ్వింది. నవ్వి, కాసేపటికి లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. అట్లా నవ్విన రోజులు నాలుగయ్యాక ఆవిడ మాట్లాడటమే తగ్గించింది. అందరూ నవ్వినప్పుడు నవ్వటం, అందరూ తలాడించినప్పుడు తలాడించటం. నలభై ఏళ్ళు వందమంది పిల్లల గొంతులు సరిదిద్దిన మనిషి ఇంట్లో అతిథిలా తయారైంది.

కాకినాడలో చెవి డాక్టరుగారికి చూపించాం. ఆయన ఒక కాగితం మీద గీత చూపించారు. ఎడమ పక్క, అంటే మంద్ర ధ్వనుల వైపు, చదునుగా నడిచిన గీత, కుడి పక్క తారధ్వనుల వైపు వచ్చేసరికి గోదావరి రేవు మెట్లలా దిగిపోయింది. ఆయన చెప్పినది ఇది: వయస్సుతో ముందు పోయేది పై ధ్వనులు. అచ్చులు ఎక్కువగా కింది ధ్వనుల్లో వుంటాయి. స, శ, త, క వంటి హల్లుల పదునంతా పై ధ్వనుల్లో వుంటుంది. అందుచేత గొంతు వినిపిస్తుంది, మాట వినిపించదు. తలుపుకూ పసుపుకూ అచ్చులు ఒకటే చూడండి. చెవి లోపలి గదిలో ధ్వనిని పట్టే సన్నని రోమకణాలు పుట్టుకతో పదహారు వేల దాకా వుంటాయి. పోయినది మళ్ళీ మొలవదు. కాబట్టి వున్నవాటికి సాయం చేయాలన్నారు. వినికిడి యంత్రం ఇచ్చారు. అమ్మ పది రోజులు పెట్టుకుని, డబ్బీతో సహా ట్రంకుపెట్టెలో చీరల కింద దాచేసింది. ఎందుకమ్మా అంటే "బాగా లేదు" అన్న ఒక్క మాట తప్ప ఏమీ చెప్పలేదు.

కనుమ మర్నాడు సాయంత్రం హాల్లో ఉయ్యాలబల్ల మీద అమ్మ కూర్చుని వుంది. అమ్మాయి స్పీకరు పక్కన పెట్టుకుని ఆ ఆల్బంలో నాలుగో పాట వేసింది. 'టు హియర్ నోస్ వెన్' అని దాని పేరు. అన్నిటిలోకీ మసక ఎక్కువైన పాట. అమ్మ చెయ్యి చాచి స్పీకరు మీద వేలు ఆనించింది. కాసేపు కళ్ళు మూసుకుని, "శ్రుతి తెగలేదే. ఊగుతోంది గాని తెగలేదు" అంది. మరి కాసేపటికి, "ఆ పిల్లెవరో నిద్రకళ్ళతో పాడుతోంది. మంచం మీంచి లేపి పాడించారా ఏమిటి?" అంది. అమ్మాయి నా వంక చూసింది. ఆ గాయని సంగతి అమ్మకు ఎవరూ చెప్పలేదు. గొంతు వినగానే నిన్న రాత్రి ఏ పిల్ల పెరుగన్నం తినకుండా పడుకుందో చెప్పగలిగిన పాఠం ఆవిడది. ఆ చెవి ఇంకా పోలేదు.

"మాటలు తెలియటం లేదు తల్లీ. ఏమంటోంది?" అని అడిగింది అమ్మ.

"ఎవరికీ తెలీదు అమ్మమ్మా. నాకూ తెలీదు."

అమ్మ నమ్మలేదు. తన మనస్సు కష్టపెట్టకుండా చెబుతున్నామేమోనని ఇద్దరి ముఖాలూ పరకాయించి చూసింది. "నీకూనా?" అంది నాతో. "నాకూ ఒక్క ముక్క తెలియటం లేదమ్మా" అన్నాను.

అప్పుడు ఆవిడ మొహంలో వచ్చిన తేటదనం నేను రెండేళ్ళుగా చూడలేదు. ఆ ఇంట్లో ఆ నాలుగు నిమిషాలూ ఆవిడ విన్నదీ మేము విన్నదీ ఒకటే. ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు. "అయితే నాకు ఎట్లా వుంటుందో ఇప్పుడు తెలిసిందన్నమాట మీకు" అంది. అని, ఎన్నాళ్ళుగానో మూటగట్టుకున్నదంతా విప్పింది. "మీ గొంతులు అన్నీ వస్తాయే. ఎవరిదో తెలుస్తుంది. కోపంగా వున్నావో, అలిసిపోయి వున్నావో తెలుస్తుంది. మాట ఒక్కటే గుమ్మం దగ్గర ఆగిపోతుంది. ఫ్యాను తిరుగుతుంటే అదీ మాటే, కుక్కరు కూస్తే అదీ మాటే. అన్నీ కలిసి ఒకే పాట. మీరు గట్టిగా అరిస్తే ఆ పాట పెద్దదవుతుంది గాని మాట రాదు."

యంత్రం ఎందుకు దాచిందో కూడా అప్పుడే చెప్పింది. అది పెట్టుకుంటే మాటలు కాస్త తేటపడే మాట నిజమేనట. తంబురా మాత్రం తంబురాలా వినబడలేదట, రేకు డబ్బా మోగినట్టు వుందట. "మాట కోసం శ్రుతి పోగొట్టుకోమంటే నా వల్ల కాదే" అంది. ముప్పయ్యేళ్ళ వ్యాజ్యంలో ఆవిడ పక్షం ఎంత ప్రాణాంతకంగా నిజమో నాకు అర్థమైంది. ఈ సంగతి ఆవిడ డాక్టరుగారికి చెప్పలేదు, సంగీతం పిచ్చి అనుకుంటారేమోనని.

మళ్ళీ కాకినాడ వెళ్ళాం. ఆ యంత్రాలు మాటను పైకి తేవటానికి కట్టినవి. ఎడతెగకుండా ఒకే తీరున మోగేదాన్ని రొద అనుకుని అణచిపెట్టే గుణం వాటికి వుంటుందట. తంబురా చేసే పని అదే గదా! డాక్టరుగారు నవ్వి, సంగీతానికి వేరే ఒక అమరిక చేసి ఇచ్చారు. ఒక మీట నొక్కితే మాటలకు, ఇంకోసారి నొక్కితే పాటలకు. ఇంట్లో మేమూ కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. వంటింట్లోంచి కేకవేసి మాట్లాడకూడదు. ఎదురుగా వచ్చి, మొహం కనబడేట్టు నిలబడి, అరవకుండా నిదానంగా చెప్పాలి. మాట్లాడేటప్పుడు టీవీ కట్టెయ్యాలి. వినబడకపోతే అదే వాక్యాన్ని పదిసార్లు అనక వేరే మాటలతో చెప్పాలి. ఇవేవీ బ్రహ్మవిద్యలు కావు. ఇంట్లో పెద్దవాళ్ళు వున్న ప్రతివారికీ పనికొచ్చేవే గనుక వ్రాస్తున్నాను.

మా అమ్మాయి వంటి పిల్లలకూ ఒక మాట చెప్పాలి. ఈ ఆల్బం చేస్తూ షీల్డ్స్‌కూ బిలిండాకూ చెవుల్లో హోరు పట్టుకుని, కొన్ని వారాలు పని ఆపవలసి వచ్చింది. 2008లో వాళ్ళు మళ్ళీ కచేరీలు మొదలుపెట్టినప్పుడు, గుమ్మం దగ్గరే జనానికి చెవుల్లో పెట్టుకునే బిరడాలు పంచారు. పాడేవారే చెవులు మూసుకుని వినమన్న పాటలు ఇవేనేమో. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. అక్కడి నుంచి ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమైపోతుంది. చెవిలో ఇయర్‌ఫోన్లు దూర్చుకుని తెల్లవార్లూ వినే పిల్లలు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. మా అమ్మాయి వేసుకుంది. ఇప్పుడు స్పీకరులోనే, తక్కువ స్థాయిలో వింటోంది. ఆ హోరు తగ్గించి విన్నా అందంగానే వుంటుంది. దూరాన సముద్రం విన్నట్టు.

నాకు ఆ ఆల్బం అంతా నచ్చిందని చెప్పలేను. కొన్ని పాటలకు తల బరువెక్కుతుంది. 'సమ్‌టైమ్స్' అని ఎనిమిదో పాట ఒకటి వుంది, అది మాత్రం రాత్రి పేపర్లు దిద్దుకుంటూ పెట్టుకుంటాను. అందులో పాడింది షీల్డ్స్. అతనూ మాట నమిలేస్తాడు. అయితే ఏమి? కాగితాల మీద హల్లులు వెతికి వెతికి అలిసిన కళ్ళకు కాసిని అచ్చులు హాయిగానే వుంటాయి.

అమ్మ ఇప్పుడు మళ్ళీ పాఠం మొదలుపెట్టింది. ఎక్కువమంది కాదు, పక్కవాటా వారి చిన్నమ్మాయి ఒక్కతే. సాయంత్రం ఆరింటికి వస్తుంది. యంత్రం పాటల అమరికలో పెట్టుకుంటే అమ్మకు శ్రుతి చక్కగా తెలుస్తుంది గాని, సాహిత్యంలో అక్షరం జారితే తెలియదు. అందుకని నన్ను కూడా పక్కన కూర్చోమంది. శ్రుతి తప్పితే ఆవిడ చెయ్యి ఎత్తుతుంది, మాట తప్పితే నేను. ఫీజులో నాకు వాటా లేదట.